పద్నాలుగో ఏట ఆడిషన్

నా నంబరు 37. లియోటార్డ్‌కి ముందొకటి, వెనకొకటి, పిన్నీసులతో గుచ్చిన కాగితాలు. 2006లో, ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఊళ్ళో, ఒక పాత భవనం రెండో అంతస్తు. బయట కారిడార్లో అమ్మ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిగతా తల్లులంతా ఒకరికొకరు ముందే తెలిసినట్టు మాట్లాడుకుంటున్నారు. అమ్మకి అక్కడ ఎవరూ తెలీదు.

అది హాస్టల్లో ఉంచి నేర్పే బాలే బడి కాదు. వారమంతా మామూలు బడికే వెళ్తాం. శనివారాలూ, ఒకటి రెండు సాయంత్రాలూ పైస్థాయి శిక్షణ ఇస్తారు. ప్రతిభ ఉండి, ఇల్లూ చదువూ వదల్లేని పిల్లల కోసం 2004 నుంచి ఇంగ్లండ్‌లో ప్రభుత్వ సాయంతో ఇలాంటి కేంద్రాలు మొదలయ్యాయి. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం కూడా ఉంటుంది. చర్చి హాల్లో వారానికి రెండు క్లాసులకి వెళ్ళే నాలాంటి దానికి పైకి ఎక్కడానికి కనబడ్డ ఒకే ఒక్క మెట్టు అది.

ముందు బార్ దగ్గర క్లాసు. మూలన పియానో. ఎదురుగా బల్ల వెనక ముగ్గురు. మేం ప్లియే చేస్తుంటే వాళ్ళు రాసుకుంటున్నారు. మేం ఆగినప్పుడు కూడా రాసుకుంటున్నారు, అదే నన్ను భయపెట్టింది. క్లాసు అయ్యాక ఒక్కొక్కరినీ పక్క గదిలోకి పిలిచారు. అక్కడ ఫిజియోథెరపిస్టు. బోర్లా పడుకోమంది. మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా లోపలివైపు వాల్చి, తుంటి ఎంతవరకు తిరుగుతుందో కోణమానినితో కొలిచింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. ఒక అంకె చెప్పింది. పక్కనున్న అమ్మాయి రాసుకుంది. రెండో కాలికి ఇంకో అంకె. అంతే.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. సంగీతానికి బాగా స్పందిస్తానట. కాళ్ళలో బలం ఉందట. తుంటి కీలు బయటికి తిరిగే పరిధి తక్కువ కాబట్టి ఈసారి చోటు ఇవ్వలేకపోతున్నారట. అమ్మ రెండుసార్లు చదివి, "అరమండిలో అంతసేపు నిలబడతావు కదే, ఇంకా ఎంత తిరగాలట?" అంది.

ఆవిడ కోపంతో అన్న మాట అది. నాకు మాత్రం అది నిజమైన ప్రశ్నగానే మిగిలిపోయింది. ఎంత తిరగాలి? ఆ 'ఎంత' అన్నది ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు? కొన్నేళ్ళ తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో నాట్యచరిత్ర పుస్తకాల అర దగ్గర నిలబడ్డానంటే దానికి కారణం ఆ ఉత్తరమే.

బాలేలో కాళ్ళు బయటికి తిప్పి నిలబడటాన్ని టర్నౌట్ అంటారు. పాదాలు తిరిగితే చాలదు, తుంటి దగ్గర్నుంచే కాలంతా తిరగాలి. ఈ అలవాటు మూలాలు వెతుక్కుంటూ పోతే ఫ్రెంచి రాజాస్థానం దగ్గర తేలతాం. 1653లో 'బాలే ద లా నుయి' అనే రాత్రంతా సాగే ప్రదర్శనలో పద్నాలుగో లూయీ సూర్యుడి వేషం కట్టాడు. అప్పటికి ఆ రాజు వయసు కూడా పద్నాలుగే. ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి కొలిచినవాళ్ళెవరూ లేరు. కొలత ఆయనే. 1661లో ఆయనే నాట్యానికి రాజ అకాడమీ పెట్టించాడు. ఆయన నాట్యగురువు పియర్ బోషాఁ పాదాల అయిదు స్థానాలకి ఒక పద్ధతి ఏర్పరిచాడని చెబుతారు. అప్పటి చిత్రాల్లో పాదాలు బయటికే ఉంటాయి గానీ ఇప్పట్లా ఒకే అడ్డగీత మీద ఉండవు. హుందాగా, సులువుగా తిరిగి ఉంటాయి. మేజోడు తొడిగిన పిక్క కనబడాలి, పక్కకి అడుగెయ్యడం తేలిక కావాలి, రాజుకి వీపు చూపకూడదు. అంతవరకే.

ఆస్థానంలోంచి రంగస్థలం మీదికి వచ్చాక ఆ కోణం పెరిగింది. నాట్యం చేసేది దొరలు కాదిప్పుడు, జీతగాళ్ళు. చూసేవాళ్ళు డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాళ్ళు. వాళ్ళకి వింత కావాలి. పద్దెనిమిదో శతాబ్దానికల్లా తుంటిని బలవంతంగా తిప్పే పరికరాలు కూడా వాడారు. 1760లో నొవేర్ అనే నాట్యకర్త తన 'లేఖల్లో' అలాంటి పరికరాన్ని తప్పుపట్టాడు. అది చదివిన రోజు నాకు నవ్వొచ్చింది. నా కోసం కాకపోయినా, నాలాంటి తుంటి కోసం ఒకాయన రెండున్నర శతాబ్దాల కిందటే వాదించాడు!

మరి పిల్లల్ని ఎంచుకోవడం ఎప్పుడు మొదలైంది? 1713లో పారిస్ ఒపేరాకి సొంత నాట్యశాల ఏర్పడింది. 1738లో సెయింట్ పీటర్స్‌బర్గ్ శీతాకాల ప్రాసాదంలో లాండే అనే ఫ్రెంచి గురువు 12 మంది అబ్బాయిలు, 12 మంది అమ్మాయిలతో బడి మొదలుపెట్టాడు. వాళ్ళు రాజభవనం పనివాళ్ళ పిల్లలు. రాజు నాట్యం మానేశాక ఆ నాట్యం పేదవాళ్ళ బిడ్డల ఒంట్లోకి దిగింది. అలాంటి బడికి తల్లిదండ్రులు పిల్లని ఇచ్చేస్తే తిండీ బట్టా దొరుకుతాయి, ఒక బతుకుతెరువు ఏర్పడుతుంది. బదులుగా ఆ ఒళ్ళు బడిది.

లండన్‌లోని టేట్‌లో డెగా శిల్పం కంచుపోత ఒకటుంది. దాని పేరు 'పద్నాలుగేళ్ళ చిన్న నర్తకి'. ఆడిషన్ అయిన మూడో ఏట అనుకోకుండా దాని ముందు నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి, కుడికాలు ముందుకి తిప్పి నిలబడ్డ పిల్ల. ఆమె పేరు మరీ వాన్ గ్యోథెమ్. 1865లో పుట్టింది. తల్లి బట్టలుతికేది. పారిస్ ఒపేరాలో ఇలాంటి పిల్లల్ని 'చిట్టెలుకలు' అనేవారు. మైనంతో చేసి, నిజం గౌను తొడిగి, నిజం జుట్టు పెట్టిన ఆ బొమ్మని డెగా 1881లో ప్రదర్శనకి పెట్టినప్పుడు విమర్శకులు కొందరు ఆ పిల్ల ముఖాన్ని కోతితో పోల్చారు. ముఖంలోనే చెడు రాసి ఉందన్నారు. మరుసటేడు, 1882లో ఒపేరా ఆమెని తీసేసింది. క్లాసులకి సరిగా రావడం లేదన్నది కారణం. ఒపేరా తెర వెనక డబ్బున్న మగ చందాదారులు తిరిగే ఆ రోజుల్లో, చిత్రకారుడి దగ్గర నిలబడితే నాలుగు డబ్బులొచ్చే ఇంట్లో, క్లాసులకి సరిగా రావడమంటే ఏమిటో ఆ రిజిస్టర్ రాసినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

ఆ బొమ్మ పాదాలు చూశాను. బాగా తిరిగి ఉన్నాయి. ఆ పిల్లకి తుంటి ఉంది, చోటు మిగల్లేదు. నాకు పులిహోర తెచ్చే అమ్మ ఉంది, తుంటి లేదు. మా ఇద్దరినీ ఒకే గాటన కట్టడం అన్యాయమని అప్పుడే అనిపించింది. నేను ఓడిపోయింది ఒక శనివారం. ఆమె పోగొట్టుకున్నది జీవనాధారం.

ఆడిషన్ల చరిత్రలో అందరూ ఇష్టంగా చెప్పుకునే కథలు వేరే ఉన్నాయి. అన్నా పావ్లోవాని మొదటిసారి తీసుకోలేదు, పదేళ్ళ వయసులో 1891లో తీసుకున్నారు. ఊఫా నుంచి వచ్చిన రుడాల్ఫ్ నురేయెవ్ 1955లో లెనిన్‌గ్రాడ్ బడి గుమ్మం ఎక్కేసరికి 17 ఏళ్ళవాడు. అక్కడ మామూలుగా పదేళ్ళకే మొదలుపెడతారు. పరీక్షించిన టీచరు, ఇతను గొప్పవాడైనా అవుతాడు లేదా పూర్తిగా చెడిపోనైనా పోతాడు అన్న అర్థం వచ్చేలా అందట. 'బిల్లీ ఇలియట్' సినిమాలో కూడా చివరికి తలుపు దగ్గర అడిగిన ఒక్క ప్రశ్నకి, నాట్యం చేస్తున్నప్పుడు ఏమనిపిస్తుంది అన్నదానికి, కుర్రాడు చెప్పిన జవాబే అతన్ని గట్టెక్కించినట్టు మనకి తోస్తుంది. నేనూ ఆ ప్రశ్న కోసం సిద్ధమై వెళ్ళాను. అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను. నన్ను ఎవరూ అడగలేదు.

ఈ కథలతో చిక్కేమిటంటే ఇవన్నీ గెలిచినవాళ్ళవి. తలుపు తెరిచిన ఒక్కడి గురించి చెప్పినంత మాత్రాన తలుపు సంగతి తెలిసిపోదు.

తలుపులంటే మనవైపు కథ కూడా చెప్పాలి. అమ్మది గుడివాడ. కూచిపూడి అక్కడికి దగ్గరే. ఆ ఊరి యక్షగానాల్లో, కలాపాల్లో వేషం కట్టాలంటే ఆడిషన్ ఉండేది కాదు, పుట్టుక ఉండేది. ఆ కుటుంబాల్లో పుట్టాలి, మగవాడై పుట్టాలి. సత్యభామ కూడా మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ వేసుకుని వస్తే ఆడవాళ్ళే చూస్తూ ఉండిపోయేవారని అమ్మమ్మ చెప్పేది. అవతల పక్క తరతరాలుగా నాట్యమే వృత్తిగా ఉన్న కళావంతుల స్త్రీలకి 1947 చట్టంతో గుడి తలుపులు మూసుకున్నాయి. వాళ్ళ విషయంలో పుట్టుకే నాట్యానికి అడ్డమైంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడపిల్లలకి నేర్పడం, 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టడం జరిగాకే అమ్మలాంటివాళ్ళు అరమండిలో కూర్చోగలిగారు. అరమండికీ మోకాళ్ళు పక్కకి తిరగాలి. అమ్మ తుంటిని ఎవరూ కొలవలేదు. కానీ ఇంకో ముప్ఫై ఏళ్ళు ముందు పుట్టుంటే ఆవిడ తుంటి ఎలా తిరుగుతుందన్న ప్రశ్నే వచ్చేది కాదు.

అందుకే 'ఎముకని చూసి ఎంచుకుంటారా, దుర్మార్గం' అని నేను సులువుగా అనలేను. పుట్టుకని చూడటంతో పోలిస్తే ఎముకని చూడటం ఒక రకంగా ముందడుగే. ఎవరి పిల్లవన్నది అడగకుండా పడుకోబెట్టి కొలుస్తారు. కాకపోతే, ఎముక కూడా పుట్టుకతో వచ్చేదే కదా!

పైగా ఆ చూపు ఎప్పుడూ ఎముక దగ్గరే ఆగలేదు. ఆ రోజు మేమంతా గులాబీరంగు టైట్స్ వేసుకోవాలి. ఒంటిరంగులో కలిసిపోయి కాలు ఒకే గీతలా కనబడాలన్నది దాని ఉద్దేశం. నా నడుం పైభాగం ఒక రంగు, కింద ఇంకో రంగు. అద్దంలో గీత సరిగ్గా తుంటి దగ్గరే తెగింది. న్యూయార్క్‌లో ఆర్థర్ మిచెల్ 1969లో మొదలుపెట్టిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ 1970లలోనే నర్తకుల ఒంటిరంగుకి సరిపడే టైట్స్, షూస్ వాడటం మొదలుపెట్టింది. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమరంగు పాయింట్ షూస్ తెచ్చింది 2018లో. అంతవరకూ చాలామంది నర్తకులు మేకప్ క్రీమే షూస్‌కి పూసుకునేవారు. నేను పూసుకోలేదు. పూసుకోవచ్చని నాకు తెలీదు.

ఇప్పుడు నాకు వ్యతిరేకంగా ఒక మాట చెప్పాలి. ఉత్తరం వచ్చాక ఏడాదిపాటు రోజూ రాత్రి గదిలో కప్పలా పడుకుని, మోకాళ్ళ మీద పుస్తకాలు పెట్టి తుంటిని తిప్పడానికి ప్రయత్నించాను. క్లాసులో పాదాల్ని నేలకి అతికించి మోకాళ్ళని మెలిపెట్టాను. తుంటిగుంట ఆకారం సాగదీస్తే మారేది కాదు. తుంటి ఇవ్వనిది మోకాలు ఇవ్వాల్సొస్తుంది. పదిహేనో ఏట ఎడమ మోకాలు వాచి, ఆరు వారాలు మెట్లు దిగలేకపోయాను. వారానికి రెండు క్లాసులకే అలా అయింది. ఆ శిక్షణలో చేరి ఉంటే వారానికి ఎన్నో గంటలు. వెచ్చటి చేతుల ఆవిడ కొలిచిన అంకె సరైనదే. నన్ను కాపాడాలనే కొలిచిందని ఇప్పుడు అనుకుంటాను.

అంకె తప్పు కాదు. ఆ అంకెని ఏ ప్రశ్నకి జవాబుగా వాడారన్నదే నా పేచీ. 'ఈ ఒళ్ళు ఈ రకం శ్రమని తట్టుకుంటుందా' అన్నదానికి అది జవాబు. 'ఈ పిల్ల నాట్యం చెయ్యగలదా' అన్నది ఇంకో ప్రశ్న. పద్నాలుగేళ్ళ పిల్లకి ఆ రెండూ ఒక్కటిగానే వినిపిస్తాయి. ఉత్తరంలో ఇంకొక్క వాక్యం ఉంటే సరిపోయేది.

చిత్రమేమిటంటే ఇలాంటి కేంద్రాల్లోనే కంటెంపరరీ నాట్యం నేర్చుకుంటున్న పిల్లల్ని ట్రినిటీ లాబాన్ పరిశోధకులు కొన్నేళ్ళు గమనించారు. ఒంటి కొలతలూ, బలమూ, మనస్తత్వమూ అన్నీ చూశాక, శిక్షణ వదిలేయకుండా నిలబడటంతో ముడిపడి కనిపించింది ఒక రకం ఇష్టం. మిగతా బతుకుని మింగెయ్యకుండా దానితో కలిసిపోయే ఇష్టం. కోణమానినికి అందనిది. బర్మింగ్‌హామ్‌లో ఇలాంటి పథకం కిందే కథక్, భరతనాట్యం కూడా నేర్పారని నాకు తెలిసింది ఇరవై దాటాకే. అమ్మకి చెప్తే, "ఆ రోజు ఆ వరండాలో ఎవరైనా ఒక్క ముక్క చెప్తే ఏం పోయింది?" అంది.

ఇప్పుడు బుధవారం సాయంత్రాలు పెద్దవాళ్ళ క్లాసుకి వెళ్తున్నాను. బ్యాంకు ఉద్యోగులు, ఒక రిటైరైన నర్సు, నేను. మొదటి స్థానంలో నిలబడి పాదాల్ని వాటంతట అవి ఎంత తిరిగితే అంతే వదిలేస్తాను. మోకాళ్ళు నొప్పెట్టవు. అద్దంలో చూస్తే ఆ కోణం పద్నాలుగో లూయీ ఆస్థానానికి సరిగ్గా సరిపోతుంది.