పుర్రె మూత తీసిన వైద్యులు

కాలు బెణికితే వాపుతో పాటు చర్మమూ సాగుతుంది. మెదడు వాస్తే సాగడానికి చోటుండదు. పుర్రె గట్టి పెట్టె లాంటిదని ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే రాశాడు. 1821 నవంబరులో లీత్ రేవు దగ్గర తుఫాను రాత్రి చనిపోయినవారి తలలు కోసి చూసిన జార్జ్ కెల్లీ, 1824లో తన గురువు మన్రో మాటను బలపరిచాడు.

పక్షవాతంలో ఈ పెట్టే ప్రాణం తీస్తుంది. మెదడుకు రక్తం తెచ్చే మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ పూర్తిగా మూసుకుపోతే మెదడులో ఒక పక్క చాలా భాగం చచ్చుబడి, రెండు నుంచి అయిదు రోజుల్లో ఉబ్బుతుంది. అది రెండో పక్కకు జరిగి, కింద ఊపిరిని నడిపించే మెదడు కాండాన్ని నొక్కేస్తుంది.

పెట్టె మూత తీస్తే? 1901లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ థియోడర్ కోచర్, మెదడుపై ఒత్తిడి ఉంటే పుర్రె తెరవాలని రాశాడు. ఆయన దగ్గర పనిచేసి వెళ్లిన అమెరికన్ హార్వీ కుషింగ్, తీయడానికి వీల్లేని గడ్డలున్న రోగులకు కణత కింద ఎముక తొలగించి ఉపశమనం కలిగించాడు. పక్షవాతానికి మాత్రం చాలాకాలం అక్కడా ఇక్కడా ఒకటి రెండు ప్రయత్నాలే. మందుల్లో దిక్కు మానిటాల్; అది మెదడులోని నీటిని లాగేది కొన్ని గంటలపాటే.

1996లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వెర్నర్ హాకె బృందం పక్షవాతంతో ఇలా మెదడు ఉబ్బిన 55 మంది కథ ప్రచురించింది. ఐసీయూలో ఎంత చేసినా 78 శాతం మంది చనిపోయారు. క్యాన్సర్ గడ్డలకు వాడే 'మాలిగ్నెంట్' అనే మాట ఈ జబ్బుకూ వచ్చి చేరింది.

పక్షవాతంలో మూత తీస్తే బతుకుతారా అన్నదానికి జవాబు 2007లో దొరికింది. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ పరీక్షల్లోని 93 మంది లెక్కలు కలిపి చూశారు. అందరూ 60 ఏళ్ల లోపువారే. 48 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే 78 శాతం బతికారు; చేయనివారిలో 29 శాతమే. అయితే నడవడానికీ, సొంత పనులకూ మరొకరి సాయం కావాల్సినవారు 2 నుంచి 31 శాతానికి పెరిగారు.

ఆపరేషన్‌లో కనీసం 12 సెంటీమీటర్ల ఎముక పలక తీసి, మెదడు పైపొరను తెరిచి, అతుకు వేసి వదులు చేస్తారు. తీసిన ఎముకను ఫ్రీజర్‌లో పెడతారు, లేదా రోగి పొట్ట చర్మం కిందే దాస్తారు. వాపు తగ్గాక, వారాలకో నెలలకో, తిరిగి తలకు బిగిస్తారు. అందాకా తల కట్టు మీద పెద్ద అక్షరాలు: ఎముక లేదు.

అరవై దాటినవారి ఫలితాలు 2014లో వచ్చాయి. ఆపరేషన్‌తో మరణాలు 70 నుంచి 33 శాతానికి తగ్గాయి. కానీ తన పనులన్నీ తానే చేసుకునే స్థితికి ఒక్కరూ చేరలేదు. అందుకే సంతకం అడిగే ముందు న్యూరోసర్జన్ ఇంటివాళ్లకు రెండు విషయాలు చెప్పాల్సి వస్తోంది: బతికే అవకాశం ఎంత, బతికాక మంచం పక్కన ఎవరు ఉండాలి.