ఆర్మాన్ రాని చివరి ఘట్టం

1921లో వెలువడిన ‘కమీల్’ అనే అమెరికన్ మూకీ చిత్రం నాయిక మరణంతో ముగుస్తుంది. ఆ ఘట్టంలో కథానాయకుడు కనబడకపోవడం నన్ను నివ్వెరపరచింది. ఆ పాత్ర ధరించినవాడు సామాన్యుడు కాడు, రుడాల్ఫ్ వాలెంటినో! నేనెరిగిన కథలో మార్గరీత్ ప్రాణం విడిచేది ప్రియుడు ఆర్మాన్ చేతుల్లోనే. నేనెరిగినది నాటకమనీ, దానికి ముందొక నవల ఉన్నదనీ పిదప గాని తెలియలేదు.

మరీ దుప్లెసీ అనే వేశ్య 1847లో పారిస్‌లో క్షయతో మరణించింది. అప్పటికామె వయస్సు 23 ఏళ్ళు. కొంతకాలం ఆమె ప్రియుడిగా మెలగిన అలెగ్జాండర్ డ్యూమా (తండ్రి కాదు, కుమారుడు) మరుసటి ఏడాదే ఆమె జీవితం ఆధారంగా నవల ప్రకటించాడు. అందులో కథ మార్గరీత్ మరణానంతరం ఆమె సామానుల వేలంతో మొదలవుతుంది. ఆర్మాన్ తిరిగివచ్చేసరికి ఆమె లేదు. సమాధి తవ్వించి, గుర్తుపట్టరాని ఆ ముఖాన్ని చూస్తాడు. 1852లో నాటకం రంగస్థలమెక్కినప్పుడు మాత్రం అదే రచయిత ఆర్మాన్‌ను సకాలంలో రప్పించాడు. ప్రేక్షకులను ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పలేదు కాబోలు! మరుసటి ఏడు వచ్చిన వెర్ది సంగీతరూపకం ‘లా ట్రావియాటా’ కూడా నాటకం దారినే నడిచింది.

మూకీలో మార్గరీత్‌గా నటించిన అల్లా నాజిమోవా రంగస్థలం నుంచి వచ్చినదే. ఇబ్సెన్ నాటకాలతో న్యూయార్కులో పేరు గడించింది. చిత్రానువాదం జూన్ మాథిస్‌ది. కథను 1920ల పారిస్‌కు తెచ్చారు. నటాషా రాంబోవా రూపొందించిన వర్తులాకారపు గదులు, ద్వారాలు చూడముచ్చటగా ఉంటాయి గాని, ఒక్కొక్కచోట నటులను మింగేస్తాయి. చివరి ఘట్టంలో ఆ బాధ లేదు. నాయిక మంచంపై ఉండగానే అప్పులవాళ్ళ మనుషులు సామానులు స్వాధీనం చేసుకుంటారు. ఆమె తనకోసం దక్కించుకొనేది ఆర్మాన్ ఇచ్చిన ‘మనోన్ లెస్కో’ ప్రతి ఒక్కటే. నవలలో ఆ పుస్తకం వేలానికి వస్తుంది. ఇక్కడ ఆమె చేతిలోనే ఉంటుంది.

వాలెంటినోతో ఆ ఘట్టాన్ని పంచుకోవడం ఇష్టం లేకనే నాజిమోవా అతణ్ణి తప్పించిందనేవారు ఉన్నారు. అదే నిజమైనా నాకు అభ్యంతరం లేదు. నాటకం దాచిపెట్టిన ఒంటరితనాన్ని ఒక రంగస్థల నటి నవల నుంచి తిరిగి తెచ్చింది.

1936లో గ్రెటా గార్బో నటించిన టాకీలో ఆర్మాన్ మళ్ళీ వేళకు వచ్చేశాడు. గార్బో నటన అద్భుతమే, కాదనను. కానీ అతడు గదిలో అడుగుపెట్టగానే, ఎందుకు వచ్చాడా అనిపించింది నాకు.