వోల్టేజ్ రెగ్యులేటర్: మిల్లీయాంపుల నుంచి నానోయాంపుల దాకా

బ్యాటరీ వోల్టేజ్ నిలకడగా ఉండదు. 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ వాడేకొద్దీ 6 వోల్టుల దాకా దిగుతుంది. లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, అయిపోయేసరికి 3 వోల్టులు. మైక్రోకంట్రోలర్లకు, సెన్సర్లకు మాత్రం 3.3 లేదా 5 వోల్టులు స్థిరంగా అందాలి. ఆ పని చేసేది రెగ్యులేటర్. అందుకు అది కూడా కొంత కరెంటు వాడుకుంటుంది. డేటాషీట్లు దీన్ని క్వయిసెంట్ కరెంట్ అంటాయి. బ్యాటరీ పరికరాల వరకు రెగ్యులేటర్ చరిత్ర అంటే ఈ సొంత ఖర్చు తగ్గుతూ వచ్చిన చరిత్రే.

వాల్వుల కాలంలో వాయువు నింపిన గొట్టాలు వోల్టేజ్‌ను నిలబెట్టేవి. విద్యుత్ బంధకాలు బలమైన విద్యుత్ క్షేత్రంలో ఎందుకు లొంగిపోతాయో 1934లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ వివరించారు. తర్వాత ఆయన పేరు మీదే జీనర్ డయోడ్ వచ్చింది. చవకైనదే కానీ, వోల్టేజ్ నిలవాలంటే దాని గుండా కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండాలి.

రెగ్యులేటర్ మొత్తాన్ని ఒకే చిప్‌లోకి తెచ్చినవారు నేషనల్ సెమీకండక్టర్‌ ఇంజనీర్ బాబ్ విడ్లర్. 1967 ప్రాంతంలో ఆయన ఎల్‌ఎమ్100, ఆ తర్వాత మూడు కాళ్లతో 5 వోల్టులిచ్చే ఎల్‌ఎమ్109 వచ్చాయి. 1970ల తొలినాళ్లలో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన 7800 శ్రేణిలోని 7805 ప్రపంచమంతా పాకింది. ఇవి గోడ ప్లగ్గు నుంచి నడిచే పరికరాల కోసం పుట్టినవి. 7805కు ఇన్‌పుట్ వైపు దాదాపు 2 వోల్టులు అదనంగా ఉండాలి. సొంత ఖర్చు సుమారు 5 మిల్లీయాంపులు.

తర్వాతి మలుపుకు కార్లు ఒక ముఖ్య కారణం. ఇంజన్ స్టార్టయ్యే క్షణంలో 12 వోల్టుల బ్యాటరీ 6 వోల్టులకు పడిపోయినా లోపలి సర్క్యూట్‌కు 5 వోల్టులు అందాలి. అందుకే ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు మధ్య కొద్దిపాటి తేడాతోనే పనిచేసే ఎల్‌డీఓలు, అంటే లో డ్రాపౌట్ రెగ్యులేటర్లు వచ్చాయి. ఆ వరుసలో వచ్చిన ఎల్‌పీ2950 సొంత ఖర్చు 75 మైక్రోయాంపులే. ఆపై సీమాస్ పద్ధతి దాన్ని ఇంకా తగ్గించింది. ఇందులో వాడే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ గేటుకు నిలకడ కరెంటు అక్కర్లేదు కనుక మైక్రోచిప్ సంస్థ ఎంసీపీ1702 కేవలం 2 మైక్రోయాంపులతో నడుస్తుంది.

ఈ అంకెల తేడా బ్యాటరీ ఆయుష్షులో కనబడుతుంది. 500 మిల్లీయాంప్ అవర్ల 9 వోల్టుల బ్యాటరీకి 7805 పెడితే, ఏ లోడూ లేకుండానే 100 గంటల్లో, అంటే నాలుగు రోజుల్లో ఖాళీ. ఎల్‌పీ2950తో సుమారు తొమ్మిది నెలలు వస్తుంది. ఎంసీపీ1702తో లెక్క పాతికేళ్లు దాటుతుంది. అంతకు ముందే బ్యాటరీ తనంతట తాను పాడవుతుంది.

మరో దారి స్విచింగ్ రెగ్యులేటర్. 7805, ఎల్‌డీఓల వంటి లీనియర్ రెగ్యులేటర్ 9 వోల్టులను 5కు దించితే 44 శాతం శక్తి వేడిగా పోతుంది. స్విచింగ్ రెగ్యులేటర్ కాయిల్ సాయంతో అందులో చాలా భాగాన్ని ఆదా చేస్తుంది. ఒకప్పుడు లోడ్ తక్కువైతే దీని సొంత ఖర్చే ఎక్కువయ్యేది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2013లో తెచ్చిన టీపీఎస్62740 దాన్ని 360 నానోయాంపులకు దించింది.

ఎంపికకు ఈ చరిత్రే క్రమం చూపుతుంది. ఎక్కువ సేపు నిద్రలో ఉండే పరికరానికి ముందుగా చూడాల్సింది సొంత ఖర్చు. తర్వాత డ్రాపౌట్, గరిష్ఠ ఇన్‌పుట్ వోల్టేజ్. ఆ తర్వాత గరిష్ఠ కరెంటు: ఈఎస్‌పీ8266 వైఫై చిప్ నిద్రలో 20 మైక్రోయాంపులతో సరిపెట్టుకున్నా, సందేశం పంపేటప్పుడు వందల మిల్లీయాంపులు లాగుతుంది. లోడ్ ఆగకుండా నడిచి, వోల్టేజ్ తేడా ఎక్కువైతే స్విచింగ్ రెగ్యులేటర్ మేలు. మిగతా చాలా చోట్ల సొంత ఖర్చు తక్కువైన ఎల్‌డీఓ చాలు. బ్యాటరీ మీద నెలల తరబడి నడవాల్సిన పరికరానికి 7805 తగదు.