మీ ఫోన్ చార్జింగ్ పోర్టుకి కాపలా ఉండే డయోడ్ కథ

చలికాలంలో డోర్ హ్యాండిల్ పట్టుకోగానే చురుక్కుమంటుంది చూశారా? అదే స్టాటిక్ కరెంట్. మనకి చురుక్కుమని తెలిసిందంటే వోల్టేజ్ అప్పటికే దాదాపు 3000 ఉంటుంది. మనకేం కాదు. కానీ అదే వేలు ఫోన్ చార్జింగ్ పోర్టుకి తగిలితే? లోపలి చిప్ నడిచేది కొద్ది వోల్టుల మీదే. మరి ఫోన్ ఎందుకు పోవట్లేదు?

కథ 1934లో మొదలైంది. బలమైన విద్యుత్ క్షేత్రంలో ఇన్సులేటర్ కూడా కరెంటుని ఎందుకు వదిలేస్తుందో అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ జీనర్ వివరించాడు. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో విలియం షాక్లీ ఒక డయోడ్‌కి ఆయన పేరే పెట్టాడు. వోల్టేజ్ హద్దులో ఉంటే ఆ డయోడ్ తలుపు మూసే ఉంచుతుంది. హద్దు దాటితే తెరిచేస్తుంది. ఇప్పుడు మన ఫోన్లలో ఉండే టీవీఎస్ డయోడ్ పని కూడా అదే: అదనపు కరెంటుని గ్రౌండ్‌కి పంపేయడం.

పాత వాక్యూమ్ ట్యూబులు మొండివి, ఈ దెబ్బలకి అంతగా బెదిరేవి కావు. 1959-60లో బెల్ ల్యాబ్స్‌లోనే మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ చేశారు. మన ఫోన్ చిప్‌లన్నీ దాని సంతానమే. అందులో గేటు కింద చాలా పల్చటి గాజులాంటి పొర ఉంటుంది. దానికి చిల్లు పడితే ట్రాన్సిస్టర్ పోయినట్టే. చిప్‌లు చిన్నవయ్యేకొద్దీ ఆ పొర ఇంకా పల్చబడింది.

అయితే పెద్ద డయోడ్ పెట్టేస్తే సరి కదా? అక్కడే చిక్కు. డయోడ్ పెద్దదయ్యేకొద్దీ దాని కెపాసిటెన్స్ పెరిగి, వేగంగా వెళ్లే సిగ్నల్‌ని పాడు చేస్తుంది. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లు. దానికి ఒకట్రెండు పికోఫారడ్లు ఉన్నా నడిచింది. 2008లో యూఎస్‌బీ 3.0 వేగాన్ని 5 గిగాబిట్లకి తీసుకెళ్లింది. ఇక అర పికోఫారడ్ దాటితేనే కష్టం.

కాబట్టి డయోడ్ ఎంచుకునేటప్పుడు మూడు చూడాలి. ఒకటి, లైన్ మామూలు వోల్టేజ్‌కి అది తెరుచుకోకూడదు. రెండు, కెపాసిటెన్స్ తక్కువ ఉండాలి. మూడోది చాలామంది వదిలేస్తారు, అదే క్లాంపింగ్ వోల్టేజ్. అంటే దెబ్బ తగిలిన క్షణంలో చిప్ దాకా వెళ్లే వోల్టేజ్. ఐఈసీ 61000-4-2 పరీక్షలో 8000 వోల్టులు నేరుగా తాకిస్తే, ఒక నానోసెకను లోపే 30 ఆంపియర్ల దాకా దూసుకొస్తాయి. డేటాషీట్‌లో “8 కిలోవోల్టులు తట్టుకుంటుంది” అని ఉంటే, బతికేది డయోడ్ అని మాత్రమే అర్థం. వెనకున్న చిప్ సంగతి క్లాంపింగ్ వోల్టేజే చెప్తుంది.

బోర్డు డిజైన్ చేసేవాళ్లు ఈ డయోడ్‌ని పోర్టుకి ఆనుకునే పెట్టండి. దొంగని గుమ్మం దగ్గరే ఆపాలి కదా! ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.