వకాల్తా నుంచి సిద్ధాంతం దాకా: ఎర్న్‌స్ట్ ఫ్రెంకెల్ 'ద్వంద్వ రాజ్యం'

నాజీ జర్మనీ నుంచి తప్పించుకుని అమెరికా చేరిన న్యాయశాస్త్రవేత్తల గురించి రాసేవారు ఎర్న్‌స్ట్ ఫ్రెంకెల్‌ను ప్రవాస మేధావుల వరసలో కూర్చోబెట్టడం పరిపాటి. ఆయన ముఖ్య గ్రంథం 'ది డ్యూయల్ స్టేట్' 1941లో న్యూయార్క్‌లో, ఇంగ్లిష్‌లో అచ్చయింది గనక ఈ వర్గీకరణను ఎవరూ పెద్దగా ప్రశ్నించరు. నాకు మాత్రం ఇది సరైనదిగా తోచదు. ఆ పుస్తకంలోని వాదన ప్రవాసంలో పుట్టలేదు. 1933 నుంచి 1938 దాకా బెర్లిన్ కోర్టుల్లో ఆయన వేసిన వకాల్తాల్లో పుట్టింది. ఆ సంగతి పక్కన పెడితే సిద్ధాంతం సగమే అర్థమవుతుంది.

ఫ్రెంకెల్ 1898లో కొలోన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశాడు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో, జర్మన్ కార్మిక చట్టానికి పునాది వేసిన హ్యూగో సిన్‌జ్‌హైమర్ దగ్గర న్యాయశాస్త్రం చదివాడు. అక్కడ సహాధ్యాయి అయిన ఫ్రాంజ్ నాయ్‌మన్‌తోనే తర్వాత బెర్లిన్‌లో ఆఫీసు పెట్టాడు. లోహ కార్మికుల సంఘం కట్టుకున్న భవనంలో ఆ ఆఫీసు ఉండేది. ఇద్దరూ సోషల్ డెమోక్రాట్లే, ఇద్దరి కక్షిదారులూ కార్మిక సంఘాలే.

1933 ఏప్రిల్ 7న వచ్చిన చట్టం యూదు న్యాయవాదులను బార్ నుంచి తొలగించడానికి దారి వేసింది. అందులో ఒక మినహాయింపు ఉంది: 1914 ఆగస్టుకు ముందే వృత్తిలో చేరినవారు, యుద్ధరంగంలో పోరాడినవారు కొనసాగవచ్చు. నాయ్‌మన్ ఆ ఏడాది మే నెలలోనే లండన్ వెళ్లిపోయాడు. మాజీ సైనికుడు గనక ఫ్రెంకెల్ నల్లకోటు విప్పాల్సిన అవసరం రాలేదు. తనను వేటాడుతున్న రాజ్యమే రాసిన ఒక ఉపవాక్యం నీడలో అయిదేళ్లకు పైగా వకీలుగా బతికాడు. ఆ కాలంలోనే మారుపేరుతో రహస్య పత్రికలకు వ్యాసాలు రాశాడు, రాజకీయ ఖైదీల కేసులు వాదించాడు.

ఆ కేసుల్లో ఆయన పాటించిన ఎత్తుగడ విచిత్రమైనది. మామూలుగా ముద్దాయిని విడిపించడమే వకీలు పని. కానీ అప్పటి బెర్లిన్‌లో కోర్టు నిర్దోషి అని వదిలిన మనిషిని గుమ్మం దగ్గరే గెస్టపో, అంటే నాజీ రహస్య పోలీసులు, పట్టుకుని నిర్బంధ శిబిరానికి తరలించగలిగేవారు. జైలు శిక్షకు ఒక గడువుంటుంది, శిబిరానికి అది లేదు. అందుకని కేసును ఎలాగైనా మామూలు కోర్టు పరిధిలోనే నిలిపి ఉంచాలని, అవసరమైతే శిక్ష పడేలా చూసైనా కక్షిదారును కాపాడుకోవాలని ఆయన ప్రయత్నించేవాడు. చాలా ఏళ్ల తర్వాత తన పుస్తకం జర్మన్ ముద్రణకు రాసిన ముందుమాటలో ఈ అనుభవాన్ని ఆయనే వివరించాడు. సిద్ధాంతానికి బీజం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ సిద్ధాంతం ప్రకారం నాజీ పాలనలో రెండు రాజ్యాలు పక్కపక్కనే నడిచాయి. ఒకటి నియమ రాజ్యం. అందులో ఒప్పందాలు, ఆస్తి హక్కులు, అప్పుల వసూళ్లు, కంపెనీల వివాదాలు పాత చట్టం ప్రకారమే తేలేవి. పెట్టుబడిదారీ వ్యవస్థకు రేపు ఏం జరుగుతుందో లెక్క వేసుకునే వీలు కావాలి, అందుకే ఈ నియమ రాజ్యాన్ని నాజీలు కూలగొట్టలేదు. రెండోది విశేషాధికార రాజ్యం. దానికి చట్టం హద్దు కాదు. జర్మన్ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ దగ్ధమైన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న వచ్చిన అత్యవసర ఉత్తర్వే దానికి రాజ్యాంగమని ఫ్రెంకెల్ తేల్చాడు. కమ్యూనిస్టుల హింసను అడ్డుకోవడానికని చెప్పిన ఆ ఉత్తర్వును మతసంస్థల యువజన సంఘాల మీద కూడా ప్రయోగించారు. మతభేదాలు పైకి కనిపిస్తే పరోక్షంగా కమ్యూనిస్టులకు మేలవుతుందంటూ బెర్లిన్ ఉన్నత న్యాయస్థానం దాన్ని సమర్థించింది. 1936 ఫిబ్రవరి 10 నాటి చట్టం గెస్టపో చర్యలను పాలనా న్యాయస్థానాల పరిశీలన నుంచి పూర్తిగా తప్పించింది. ఏ విషయం ఏ రాజ్యం కిందికి వస్తుందో నిర్ణయించే హక్కు కూడా రెండోదానిదే. ఫ్రెంకెల్ వాదనలో అన్నిటికంటే పదునైన ముక్క ఇదే.

ఆ అత్యవసర ఉత్తర్వుకు ఆధారం, నాజీలకు ముందటి గణతంత్రపు వైమార్ రాజ్యాంగంలో అధ్యక్షుడికి అత్యవసర అధికారాలిచ్చిన 48వ అధికరణం. మన భారత రాజ్యాంగ సభలో అత్యవసర అధికారాల మీద చర్చ జరిగినప్పుడు సభ్యుడు హెచ్.వి. కామత్ ఆ అధికరణాన్నే గుర్తుచేసి హెచ్చరించారు. ఎమర్జెన్సీలో నిర్బంధితులు విడుదల కోరుతూ కోర్టుకు వెళ్లలేరని చెప్పిన జబల్‌పూర్ కేసు తీర్పు 1976లో వచ్చిన నాడు కూడా మన సివిల్ కోర్టుల్లో భూతగాదాలు యథావిధిగా వాయిదాలు పడుతూనే ఉన్నాయి. పోలిక ఇంతవరకే, రెండు పాలనలూ ఒకటని అనడం లేదు.

నాయ్‌మన్ 1942లో 'బెహెమోత్' రాస్తూ ఈ విశ్లేషణను అంగీకరించలేదు. నాజీ జర్మనీలో చట్టమనదగ్గదే మిగల్లేదని, దాన్ని రాజ్యమనడమే సందేహాస్పదమని ఆయన వాదం. ఒకే గురువు, ఒకే ఆఫీసు, ఒకే పార్టీ. అయినా ఇంత తేడా. పద్ధతుల భేదమని పండితులు సరిపెడతారు. ఎవరు ఎప్పుడు దేశం వదిలారన్నది కూడా చూడాలి కదా. 1933లో వెళ్లిపోయినవాడికి శిథిలం కనిపించింది. 1938 దాకా ఉన్నవాడికి ఆ శిథిలంలో ఇంకా నిలబడి ఉన్న గోడలు కనిపించాయి, వాటి చాటున మనుషులను దాచాల్సిన అవసరం కూడా ఆయనకుంది.

రాతప్రతిని ఫ్రెంకెల్ బెర్లిన్‌లో రహస్యంగా రాశాడు. అది ఫ్రెంచి రాయబార కార్యాలయపు సంచిలో దేశం దాటింది. అరెస్టు తప్పదని తెలిశాక 1938 సెప్టెంబర్ 20న ఆయనా భార్య హన్నా బయలుదేరారు. యూదు న్యాయవాదులందరినీ వృత్తి నుంచి వెళ్లగొట్టే ఉత్తర్వు సరిగ్గా వారం తర్వాత, 27న వచ్చింది. బ్రిటన్ మీదుగా అమెరికా చేరి, నలభయ్యో పడిలో షికాగో విశ్వవిద్యాలయంలో మళ్లీ విద్యార్థిగా చేరి 1941లో న్యాయపట్టా తీసుకున్నాడు. అదే ఏడాది ఎడ్వర్డ్ షిల్స్ తదితరుల అనువాదంలో పుస్తకం వెలువడింది.

1944లో ఆయన మరో పుస్తకం తెచ్చాడు. మొదటి యుద్ధం తర్వాత రైన్‌లాండ్‌ను ఆక్రమించిన సైన్యాలు చట్టానికి ఎంతవరకు కట్టుబడ్డాయన్నది దాని విషయం. పరిశోధకులు దీన్ని సాధారణంగా పట్టించుకోరు. కానీ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అదే ప్రశ్న ఆయన ముందుకొచ్చింది: అమెరికా ప్రభుత్వం ఆయనను న్యాయ సలహాదారుగా కొరియా పంపింది. విశేషాధికార రాజ్యాన్ని నిర్వచించిన మనిషి సియోల్‌లో ఒక సైనిక ప్రభుత్వానికి సలహాలు చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. 1950లో కొరియా యుద్ధం మొదలవడంతో ఆ అధ్యాయం ముగిసింది.

జర్మనీకి తిరిగి వెళ్లేది లేదని మిత్రులకు చెప్పినవాడే 1951లో బెర్లిన్ వెళ్లాడు. 1953లో ఫ్రీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు. భిన్న ప్రయోజనాల సంఘాలు బహిరంగంగా పోటీపడటమే ప్రజాస్వామ్యానికి ఊపిరి అన్న బహుళత్వ సిద్ధాంతాన్ని పశ్చిమ జర్మనీ రాజనీతిశాస్త్రంలో నిలబెట్టాడు. 1963లో అక్కడే అమెరికా అధ్యయన సంస్థను స్థాపించాడు. 1960ల చివర తిరగబడ్డ విద్యార్థులకు ఆయన పాతకాలపు ఉదారవాదిగా కనిపించాడు. తరగతులను అడ్డుకునే వాళ్ల తీరులో ఆయనకు 1930ల నాటి వీధిమూకలు కనిపించాయి. ఇందులో ఆయన అతిగా భయపడ్డాడనే నాకనిపిస్తుంది.

'ద్వంద్వ రాజ్యం' జర్మన్‌లో వెలువడింది 1974లో. అది కూడా ఇంగ్లిష్ ముద్రణ నుంచి వెనక్కి అనువదించిన పాఠమే. మరుసటి ఏడాది మార్చిలో ఆయన మరణించాడు. 1938 నాటికి బెర్లిన్‌లో తయారైన అసలు పాఠం ఆయన రచనల సంపుటిలో చేరి 1999లో అచ్చయింది.