రంగురాళ్ల గచ్చు, వెట్టి చేతులు

పాత కట్టడాలను చూసి మనం మురిసిపోతాం. ఆ కట్టడాన్ని ఎవరి కళ్లతో చూస్తున్నామో మాత్రం అరుదుగా అడుగుతాం. రోమన్ విల్లాల తవ్వకాల చరిత్ర ఈ ప్రశ్నను మన ముందు పెడుతుంది.

విల్లా అంటే పల్లెలో కట్టుకున్న విలాస భవనం మాత్రమే కాదు. పొలాలు, ద్రాక్ష తోటలు, గానుగలు, పశువుల కొట్టాలు ఉన్న పెద్ద కమతానికి అది కేంద్రం. సిసిలీలో పియాజ్జా అర్మెరీనా దగ్గర బయటపడ్డ 4వ శతాబ్దపు విల్లాలో సుమారు 3,500 చదరపు మీటర్ల నేలంతా రంగురాళ్లు పొదిగిన మొజాయిక్ చిత్రాలే. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ చిత్రాల్లో అడవి మృగాలను పట్టి ఓడలకెక్కించే పనివాళ్లు కూడా ఉన్నారు. అయితే యజమాని వైభవంలో ఒక భాగంగానే ఉన్నారు. ఆ అందాన్ని నేను కాదనడం లేదు. ఆ రాళ్లు పేర్చింది ఉత్తర ఆఫ్రికా పనివాళ్లని పండితుల అభిప్రాయం. అందం కూడా శ్రమే.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత వర్రో వ్యవసాయ పనిముట్లలో మూడు రకాలు చెప్పాడు. బండ్లు మూగవి. ఎద్దులు అరిచేవి. బానిసలు మాట్లాడేవి.

తవ్వేవాళ్లు సైతం చాలాకాలం యజమాని గదుల దగ్గరే ఆగిపోయారు. ఇటలీలోని సెత్తెఫినెస్త్రె విల్లాను 1976–81 మధ్య తవ్విన ఆంద్రియా కరాందిని అక్కడ ఆగలేదు. మొజాయిక్ నేలనూ, ద్రాక్ష గానుగనూ, పందుల దొడ్డినీ, బానిసలవిగా గుర్తించిన ఇరుకు గదులనూ ఒకే ఉత్పత్తి వ్యవస్థగా చదివాడు. ప్రశ్న మారితే సాక్ష్యం మారింది.

నిజామాబాద్ వాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. రోమన్ బానిసత్వం, తెలంగాణ వెట్టి ఒకటి కావు. కానీ ఊరి శ్రమను మింగి నిలబడ్డ ఇల్లు మనకు తెలుసు. మా తాత ఒక దొర గడీలో వెట్టి చేశాడు. ఆ గడీ గోడలు ఇంకా ఉన్నాయి. తాత గుడిసె ఎక్కడుండేదో మా నాయన కూడా చూపలేకపోయాడు.

1930లలో బోధన్‌లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. రేపు ఎవరైనా అక్కడ తవ్వితే యంత్రాల పునాదులు, బంగళాల గచ్చు దొరుకుతాయి. చెరుకు కొట్టినవాళ్లు ఆకులతో వేసుకున్న గుడిసెలు వానలకే మట్టిలో కలిసిపోతాయి. పారకు అవి దొరకవు.

వర్రో చెప్పిన పనిముట్టుకు మాట ఉంది. ఆ మాటను రోమ్‌లో రాసిపెట్టినవాళ్లు లేరు. బోధన్ చుట్టూ చెరుకు కొట్టిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. రచయితలు, సాహిత్య విద్యార్థులు గడీ శిల్పాన్ని వర్ణించే ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి. వాళ్లు పోయాక ఏ తవ్వకమూ ఆ మాటను పైకి తీయలేదు.