స్కానర్ దాకా చేరేదెవరు? ఆటిజం మెదడు చిత్రణలో అభ్యర్థుల ఎంపిక, మదింపు

ఆటిజం మీద వెలువడే మెదడు చిత్రణ వ్యాసాల్లో అందరి చూపూ రంగుల బొమ్మల మీదే పడుతుంది. ఆ మెదళ్ళు ఎవరివో చెప్పే రెండు మూడు పేరాలు పద్ధతుల విభాగంలో అణిగి ఉంటాయి. అసలు కథ అక్కడుంది.

2012లో విడుదలైన 'అబైడ్' దత్తాంశ నిధినే చూడండి. 17 కేంద్రాలు తమ దగ్గర అప్పటికే ఉన్న ఎంఆర్ఐ స్కాన్‌లను ఒకచోట చేర్చాయి: ఆటిజం ఉన్నవారివి 539, లేనివారివి 573. సంఖ్య ఘనమే. కానీ ఏ కేంద్రం నిబంధనలు దానివి. కొన్ని మగవారినే తీసుకున్నాయి.

అమెరికా, ఐరోపా ప్రయోగశాలల్లో చాలాచోట్ల డాక్టరు నిర్ధారణ ఒక్కటే చాలదు. ఏడీఓఎస్ పరీక్షలో శిక్షణ పొందిన నిపుణులు గంట లోపు అభ్యర్థితో ఆడుతూ, మాట్లాడుతూ చూపునూ హావభావాలనూ గమనించి మార్కులు వేస్తారు. ఏడీఐ-ఆర్ అనే ముఖాముఖిలో తల్లిదండ్రులను బిడ్డ చిన్ననాటి సంగతుల గురించి విపులంగా అడుగుతారు. కొలమానం ఒకటి లేకుండా పోలిక కుదరదు, నిజమే. అయితే 2022లో ఎంఐటీ పరిశోధకులు తమ సొంత అధ్యయనాల రికార్డులు తిరగేశారు. అప్పటికే నిర్ధారణ అయిన ఆడవారు ఏడీఓఎస్ పరీక్షలో తప్పిపోయే రేటు మగవారి కంటే రెండున్నర రెట్లకు పైగా ఉంది. నలుగురిలో నెట్టుకురావడానికి తన తీరును దాచుకోవడం నేర్చిన మనిషికి ఆ కాసేపట్లో మార్కులు తగ్గితే ఆశ్చర్యమేముంది?

అసలు చిక్కు స్కానర్‌లో తల కదలికది. మెదడు ప్రాంతాల మధ్య అనుసంధానాన్ని కొలిచేటప్పుడు, అతి చిన్న కదలికలు కూడా దూరపు సంబంధాలను బలహీనంగానూ దగ్గరి వాటిని బలంగానూ చూపిస్తాయని 2012లో మూడు బృందాలు విడివిడిగా తేల్చాయి. ఆటిజం లక్షణంగా ఊహించిన నమూనా కూడా సరిగ్గా అదే! దాంతో కదిలిన స్కాన్‌లను తీసేయడం నియమమైంది. 2022లో బాల్టిమోర్‌లోని కెన్నెడీ క్రీగర్ సంస్థ పరిశోధకులు 545 మంది పిల్లల స్కాన్‌లను పరిశీలించారు. సడలింపు ప్రమాణంతోనే ఆటిజం ఉన్న పిల్లల్లో 28.5 శాతం, లేనివారిలో 16.1 శాతం తొలగిపోయారు. కఠిన ప్రమాణంతో అవి 81, 60.1 శాతాలయ్యాయి. మిగిలిన ఆటిజం పిల్లలు వయసులో కాస్త పెద్దవారు, సామాజిక ఇబ్బందులు తక్కువగా, తెలివితేటల మార్కులు ఎక్కువగా ఉన్నవారు. ఇంత వడపోత తర్వాత వచ్చిన ఫలితానికి 'ఆటిజంలో మెదడు' అని శీర్షిక పెట్టడం నా దృష్టిలో అతిశయోక్తి.

దారి లేకపోలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన మైండ్ ఇన్‌స్టిట్యూట్ బౌద్ధిక వైకల్యం ఉన్న పిల్లలను నమూనా స్కానర్‌లో ఓపికగా అలవాటు చేయించి, మత్తుమందు లేకుండానే స్కాన్ చేసింది. దానికి సమయం, సిబ్బంది, డబ్బు కావాలి. గ్రాంటు దరఖాస్తులోనే ఆ పద్దు ఉండాలి. తొలగిన పిల్లల లోటును గణాంకాలతో కొంత సవరించవచ్చని కెన్నెడీ క్రీగర్ బృందం చూపింది. కానీ ఆ సవరణకు స్కాన్ పాడైన పిల్లల మదింపు వివరాలు కూడా దాచి ఉంచాలి. స్కానర్‌లో పడుకోనే పడుకోని పిల్లలకు అబైడ్ పట్టికలో వరుసే లేదు.